వదులు చేసిన మేజోడు

రేపల్లెలో మా టైలరింగ్ షాపు పన్నెండు అడుగుల గది. అందులో ముప్పై ఏళ్లుగా నేను కూర్చున్నాను, మా ఆవిడ నిలబడింది. ఇందులో అన్యాయమేమీ నాకు చాలాకాలం కనిపించలేదు. మిషను దగ్గర ఎవరూ నిలబడి కుట్టలేరు, కటింగ్ బల్ల దగ్గర ఎవరూ కూర్చుని కత్తిరించలేరు. ఆవిడ చెయ్యి కటింగుకి నాకంటే మంచిది. జాకెట్టు ముక్క తక్కువ తెచ్చి "ఎలాగోలా సరిపెట్టమ్మా" అన్నవాళ్లకి కూడా చేతులకి అతుకు పడకుండా సరిపెట్టేది. అందుకని పెళ్లయిన రెండో ఏడే కత్తెర ఆవిడకి ఇచ్చేసి నేను మిషను మీద కూర్చున్నాను. కుట్టడం అయ్యాక ఇస్త్రీ కూడా ఆవిడదే. అదీ నిలబడి చేసే పనే.

పిల్లలు పుట్టినప్పుడే ఆవిడ కాళ్ల మీద నరాలు తేలాయి. మొదట సన్నగా, పచ్చగా కనపడేవి. తర్వాత్తర్వాత మోకాలి వెనక నుంచి చీలమండ దాకా వానపాముల్లా మెలికలు తిరిగి ఉబ్బాయి. సాయంత్రానికి పాదాలు పొంగేవి. చీలమండ దగ్గర చర్మం నల్లబడింది, దురద. ఆవిడ చీర కుచ్చిళ్లు ఒక అంగుళం దించి కట్టుకోవడం మొదలుపెట్టింది. నేను బట్టలు కుట్టేవాణ్ణి, ఎవరి చీర ఎంత దిగిందో చూడగానే చెప్పగలను. అది చూశాను. ఎందుకు దించావని మాత్రం అడగలేదు. నాకు కోపం ఎక్కువ, అడగడం తక్కువ.

ఒక డిసెంబరు మొదటి వారంలో ఆ నరాల్లో ఒకటి చిట్లింది. మాకు పండగంటే క్రిస్మస్. మా చర్చిలో పాటలు పాడేవాళ్లకి తెల్ల గౌన్లు మేమే కుట్టాలి, అవి కాక ఊళ్లోవాళ్ల కొత్తబట్టలు. గదిలో కాలు పెట్టే చోటు లేదు. మా ఆవిడ కత్తిరిస్తున్నదల్లా ఆగి, బల్ల మీది తెల్లగుడ్డని రెండు చేతులతో అవతలి చివరికి నెట్టింది. ఎందుకు నెట్టిందో నాకు అర్థం కాలేదు. తర్వాత కిందికి చూస్తే చెప్పు నిండా రక్తం. నొప్పేమీ లేదట. సన్నటి ధారగా అలా కారుతూనే ఉంది. నేను లైనింగు గుడ్డ చింపి కట్టాను, కాలు ఎత్తి స్టూలు మీద పెట్టాక ఆగింది. బల్ల మీది ఆ తెల్లగుడ్డ మీద ఒక్క చుక్క పడలేదు.

వీధి చివర డాక్టరుగారు చూసి, "ఇది ఇక్కడ అయ్యే పని కాదు, తెనాలి తీసుకెళ్లండి. ఇప్పుడు లేజర్‌తో చేస్తున్నారు. ఆలస్యం చెయ్యొద్దు" అన్నారు.

"పండగ పని అయిపోనివ్వండి" అన్నాను. అన్నది నేనే. ఆవిడ కాలికి గుడ్డ కట్టుకుని ఇంకో మూడు వారాలు బల్ల దగ్గర నిలబడింది.

జనవరిలో పొద్దున ప్యాసింజరు ఎక్కి తెనాలి వెళ్లాం. బండిలో ఒక్క సీటు దొరికితే నన్ను కూర్చోమంది. నేను కూర్చున్నాను కూడా. భట్టిప్రోలులో ఎవరో దిగితే అప్పుడు తను కూర్చుంది. ఆపరేషన్‌కి వెళ్తున్నది ఎవరో ఆ పెట్టెలో వాళ్లనడిగితే నన్నే చూపించి ఉండేవారు.

డాక్టరు కుర్రవాడే, నెమ్మదిగా మాట్లాడాడు. కాలికి జిగురులాంటిది రాసి స్కాన్ చేస్తూ తెర మీద ఎర్రగా, నీలంగా కదులుతున్న వాటిని నాకు చూపించాడు.

"కాళ్లలో రక్తం పైకి రావాలి కదండి. నరం లోపల చిన్న చిన్న తలుపులుంటాయి, కిందికి జారకుండా. ఈమెకి అవి పాడైపోయాయి. పైకెళ్లిన రక్తం మళ్లీ కిందికే వచ్చేస్తోంది."

"ఏం చేస్తారండి?"

"మోకాలి దగ్గర సూదితో సన్నటి తీగ లోపలికి పంపిస్తాం. లేజర్ వేడికి ఆ నరం లోపలే మూసుకుపోతుంది. రక్తం పక్కనున్న మంచి నరాల్లోంచి వెళ్లిపోతుంది."

"కుట్లు ఎన్ని పడతాయండి?"

"కుట్లేమీ ఉండవు మాస్టారూ. రేపు ఇంటికెళ్లిపోవచ్చు."

నాకు నమ్మకం కుదరలేదు. కోయకుండా, కుట్టకుండా పూర్తయ్యే పని ఏదైనా ఉంటుందని నేను ఒప్పుకోలేను. నా జీవితమంతా ఆ రెండు పనులే. ఏదో పైపైన చేసి పంపిస్తున్నారనే అనుమానం అప్పుడే మొదలైంది. దానికి తోడు ఆపరేషన్ అయ్యాక కాలికి తొడిగే మేజోడు కోసం నర్సమ్మ కొలతలు తీసుకోవడం చూశాను. చీలమండ, పిక్క, తొడ, మూడు చోట్లా టేపు ఒంటికి అతుక్కునేలా పట్టి రాసుకుంది. వేలు దూర్చి లూజు ఇవ్వలేదు. మా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు మొదటి రోజు చేసే తప్పు అది. నోటిదాకా వచ్చింది గానీ ఆస్పత్రి కదా అని ఊరుకున్నాను.

లోపల గంటసేపు పట్టింది. బయటికి తెచ్చినప్పుడు కాలి వేళ్ల దగ్గర నుంచి తొడ దాకా బిగుతు మేజోడు. మొహం తేటగానే ఉంది. "మాటలన్నీ వినపడుతూనే ఉన్నాయి. నొప్పేం తెలీలేదు" అంది. మూడు గంటలు కాకుండానే నర్సమ్మ వచ్చి, "లేవండి ఆంటీ, నడుద్దాం" అని వరండాలో నడిపించింది. నాకు ఒళ్లు మండింది.

"ఇప్పుడేగా ఆపరేషన్ అయింది. కాస్త ఆగకూడదా అమ్మా?"

"నడిస్తేనే మంచిది బాబాయ్."

మర్నాడు పంపించేటప్పుడు డాక్టరూ అదే మాటన్నాడు. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట నడవాలి, మంచం మీద ఉంచొద్దు, మేజోడు తీయొద్దు, పది రోజులకి వచ్చి చూపించాలి. "అలాగేనండి" అన్నాను. డాక్టర్ల దగ్గర ఎంత ఒప్పుకుంటే అంత తొందరగా బయటపడతాం అని నా లెక్క.

ఇంటికి మాత్రం కారులో తీసుకొచ్చాను. మేము దిగేసరికి బాపట్ల నుంచి మా అక్క వచ్చి ఉంది. ముందుగదిలో మంచం వేయించింది, దిండ్లు పేర్చింది. ముగ్గురు కూతుళ్ల పురుళ్లు పోసిన మనిషి, పథ్యం విషయంలో ఆమెకి ఎదురు చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. వంకాయ, గోంగూర, చేపలు ఆపేసింది. వెల్లుల్లి కారం ఒక్కటే మిగిలింది.

"డాక్టరు నడవమన్నాడక్కా" అన్నాను.

"మంచం ఖాళీ చేయించాలని వాళ్లు అట్టాగే అంటార్రా. ముప్పై ఏళ్ల నిలబాటు అది. ముప్పై రోజులన్నా పడుకోనివ్వు."

ఆ మాట నాకు నచ్చింది. ఎందుకు నచ్చిందో ఇప్పుడు బాగా తెలుసు. మా వైపు ఆపరేషన్ అయిన మనిషిని ఊరంతా చూడ్డానికి వస్తుంది. బత్తాయిలు, బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకొచ్చి, మంచం పక్కన కూర్చుని, ప్రార్థన చేసి వెళ్తారు. వచ్చినవాళ్లకి మనిషి మంచం మీద కనపడాలి. వాకిట్లో తిరుగుతూ కనపడితే మొగుడు అప్పుడే పనిలో పెట్టేశాడని వీధి మలుపు తిరక్కముందే అనేస్తారు. రక్తం కారే కాలితో పండగ పని చేయించానని నా గురించి అప్పటికే అనుకుంటున్నారు. ఆ మాట నా చెవిన పడింది కూడా. అందుకని ఆవిణ్ణి మంచం దిగనివ్వకూడదని గట్టిగా అనుకున్నాను.

మూడో రోజు పొద్దున కాలు కింద పెట్టబోతుంటే చూశాను.

"దిగావంటే ఊరుకోను" అన్నాను.

నా వంక ఒకసారి చూసి కాలు మంచం మీదికి తీసుకుంది. ఆ రోజు నుంచి కంచం మంచం దగ్గరికే వెళ్లింది. కాఫీ నేనే కలిపి ఇచ్చాను. అక్క జడ వేసింది. షాపులో కటింగు నేనే చేసుకుని రెండు జాకెట్టు ముక్కలు పాడుచేశాను, పాడుచేసినందుకు కూడా లోపల కాస్త గర్వంగానే ఉంది. ఎంత కష్టపడుతున్నానో చూడండి అన్నట్టు. వచ్చినవాళ్లు "నువ్వు అదృష్టవంతురాలివమ్మా" అని మా ఆవిడతో అంటుంటే నేను వినపడనట్టు మొహం పెట్టి అన్నీ విన్నాను.

నాలుగో రోజు మా చర్చి స్త్రీల సమాజం వాళ్లు నలుగురు వచ్చారు. వాళ్లలో పెద్దావిడ దుప్పటి తొలగించి కాలు చూసింది.

"ఇంత బిగించారేంటమ్మా? ఇట్టా అయితే రక్తం ఎట్టా ఆడుద్ది?"

"కొంచెం బిగుతుగానే ఉందండి" అంది మా ఆవిడ. అంతే అంది.

నాకు ఆ కొలతలు గుర్తొచ్చాయి. వాళ్లు వెళ్లాక అక్క సాయంతో మేజోడు తీసి షాపుకి తీసుకెళ్లి బల్ల మీద పరిచాను. టేపు పెట్టి చూశాను. చీలమండ దగ్గర మరీ ఇరుకు, పిక్క దగ్గర కాస్త నయం, తొడ దగ్గర ఫర్వాలేదు. కాలు కొలతలు నాకు తెలుసు. ఏ చోటా లూజు లేదు సరికదా, అసలు కొలతకే తక్కువగా ఉంది. కొలత తీసిన మనిషికి తెలీదు, తయారుచేసినవాడికి అంతకన్నా తెలీదు అని తిట్టుకుంటూ చీలమండ నుంచి మోకాలి దాకా పక్కవైపు నిలువుగా కత్తిరించాను. మధ్యలో రెండు వేళ్ల వెడల్పు బనీను గుడ్డ పెట్టి, ఒరుసుకోకుండా చదునుగా కుట్టాను. ఆ కుట్టు ఎంత నీటుగా వచ్చిందంటే, తొడిగాక వేలితో తడిమితే తెలీదు. పండగ పనిలో కూడా అంత శ్రద్ధగా కుట్టలేదు.

"ఎలా ఉంది?" అనడిగాను.

"హాయిగా ఉంది" అంది.

తర్వాత వచ్చినవాళ్లందరికీ ఆ కుట్టు చూపించాను. ఆస్పత్రివాళ్లు చేసిన తప్పు ఎలా సరిచేశానో కూడా చెప్పాను.

ఏడో రోజు సాయంత్రం పిక్క పట్టేసిందంది. అక్క ఉప్పు మూట కాచి కాపడం పెట్టింది. ఎనిమిదో రోజు నొప్పి పెరిగింది, మళ్లీ కాపడం. తొమ్మిదో రోజు పొద్దున నేను ఇడ్లీ పట్టుకుని వెళ్లేసరికి ఆవిడ కాలు కదపలేక వెల్లకిలా ఉంది. మేజోడు తీసి చూస్తే పిక్క ఎర్రబడి, నున్నగా మెరుస్తూ, చేత్తో పట్టుకుంటే గట్టిగా ఉంది. మెడలో టేపు ఉంటే కొలిచాను. రెండో కాలు పిక్క పన్నెండున్నర అంగుళాలు, ఈ కాలుది పదిహేను.  కారు పిలిచి తెనాలి బయల్దేరాం. దారి పొడుగునా నేను ఆవిడ పాదం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

డాక్టరు మేజోడు తీసి చేతిలో పట్టుకుని కాసేపు చూశాడు. బనీను గుడ్డ మీద వేలితో రాశాడు.

"ఇదేంటమ్మా?"

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అందుకుంది.

"బిగుతుగా ఉందని నేనే వదులు చేసుకున్నానండి."

"నడుస్తున్నారా?"

"లేదండి. ఓపిక లేక పడుకున్నాను."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ కుట్టు నాదని రేపల్లెలో ఎవరైనా చెప్తారు. "కాదండి, నేను" అని రెండు మాటలు అంటే సరిపోయేది. అనలేదు. ఎందుకు అనలేదని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. భయమే. ఇంకే పేరూ దానికి లేదు.

స్కాన్ అయ్యాక డాక్టరు నన్ను బయటికి పిలిచాడు. లోపలి పెద్ద నరంలో రక్తం గడ్డకట్టిందన్నాడు. అక్కడే ఉంటే మందులతో కరుగుతుందట. కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణానికే ప్రమాదమట. రెండు మూడు రోజులు దగ్గరుండి చూసుకోవాలన్నాడు. మేజోడు చేతిలోనే ఉంది.

"ఇది చీలమండ దగ్గర ఎక్కువ బిగుతుగా, పైకి పోయేకొద్దీ తక్కువగా కావాలనే తయారుచేస్తారండి. ఆ బిగుతే రక్తాన్ని పైకి నెడుతుంది. ఆవిడ తెలీక చేసుకున్నారు. మీరేమీ అనకండి ఆవిణ్ణి."

"అనను" అన్నాను. మెట్ల దగ్గరికి వెళ్లి గోడకి ఆనుకుని ఏడ్చాను.

పొద్దునా సాయంత్రం పొట్ట దగ్గర సూది వేశారు. కొత్త మేజోడు తొడిగారు. ఆవిడ దగ్గితే లేచి నర్సమ్మని పిలిచేవాణ్ణి. నిద్రపోతుంటే ఛాతీ లేచి దిగుతుందో లేదో చూస్తూ కూర్చునేవాణ్ణి. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు. మా షాపులో ఆవిడ లేని ఒక్క రోజు కూడా నాకు తెలీదని, ఆవిడకి ఏదైనా అయితే అది నా చేతి కుట్టు వల్లేనని, ఇవే తిరుగుతుండేవి.

మూడో రోజు పొద్దున మళ్లీ స్కాన్ చేశారు. గడ్డ కదల్లేదు. అక్కడే ఉంది, పెరగలేదు. ఇక భయం తగ్గిందని, కొన్ని నెలలు మాత్రలు మింగితే సరిపోతుందని డాక్టరు చెప్పాడు. గండం గడిచాక మనిషికి ధైర్యం వస్తుందేమో, అప్పుడు వరండాలో ఆయన వెనకాల వెళ్లి ఆపాను.

"ఆ సాక్స్ కుట్టింది నేనండి. పడుకోబెట్టిందీ నేనే. ఆవిడకేం తెలీదు."

ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. "సాక్స్ కన్నా నడవకపోవడమే ఎక్కువ చేసింది మాస్టారూ" అన్నాడు. "కానీ పడుకుంటే రక్తం గడ్డకడుతుందని, ప్రమాదమని ఆవిడకి విడిగా చెప్పే పంపించాం కదా. నర్సమ్మ దగ్గరుండి చెప్పింది."

నేను లోపలికి వెళ్లాను. మా ఆవిడ కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

"పడుకుంటే గడ్డకడుతుందని నీకు చెప్పారా?"

"చెప్పారు."

"ఎప్పుడు?"

"మీరు మందులకి కిందికెళ్లినప్పుడు. రెండుసార్లు చెప్పింది. అర్థమైందో లేదోనని నాచేత మళ్లీ చెప్పించుకుంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

 ఆవిడ నా వైపు తిరగలేదు.

"చెప్తే మీరు లేవమంటారుగా" అంది.

 ఆవిడే మళ్లీ అంది, ఎవరి గురించో చెప్తున్నట్టు.

"మంచం దగ్గరికి కంచం వస్తోంది. దిగితే ఊరుకోనని మీరు కోప్పడుతున్నారు. ఇంకో రెండు రోజులు, ఇంకో రెండు రోజులు అనుకున్నాను."

కోపం తెచ్చుకుందామని చూశాను, అది నాకు అలవాటైన పని. రాలేదు. ప్రాణం మీదికొస్తుందని తెలిసి కూడా ఆవిడ ఆ తొమ్మిది రోజులు వదులుకోలేకపోయింది. పడుకోవడం అంత అపురూపమైపోయేలా ముప్పై ఏళ్లు నిలబెట్టినవాణ్ణి నేను. ఆ మాట ఆవిడతో అనాలనుకున్నాను. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను గానీ అనలేకపోయాను.

ఇంతలో నర్సమ్మ వచ్చింది. "బాబాయ్, ఈ పూట నుంచి నడిపించమన్నారు. మీరు లేపండి, నేను పక్క మంచం వాళ్లకి సూది వేసి వస్తాను" అని వెళ్లిపోయింది.

మా ఆవిడ నా వంక చూసింది. ఇంకాసేపు పడుకోనిస్తానేమోనని చూసింది. నేను ఆవిడ మొహం చూడకుండా "లే" అన్నాను.

లేచింది.